వాయిదాకీ ఓ ఖరీదుంది: బడ్జెట్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఒక చిన్న ఆట పెట్టాను, గుర్తుందిగా. ప్రభుత్వం ఏటా తన ఇష్టప్రకారం పెంచగలిగే, తగ్గించగలిగే డబ్బు మొత్తం వంద నాణేలు అనుకోండి, ఎదురుగా పది గడులున్నాయి: ఆరోగ్యం, చదువు, రక్షణ, రోడ్లు-వంతెనలు, కోర్టులు-పోలీసు, పరిశోధన, పర్యావరణం, విపత్తుల సన్నద్ధత, విదేశాలకు సాయం, కళలు-మ్యూజియాలు. ఎందులో ఎన్ని వేస్తారో రాసి పంపండి అన్నాను. పంపారు. కొందరు నాణేలతో పాటు తిట్లు కూడా పంపారు, వాటికీ కింద జవాబుంది. కొందరి లెక్క నూట ఇరవై దాకా తేలింది. అలా కూడే హక్కు ఆర్థిక మంత్రులకే ఉంది, మనకి లేదు.

ప్రశ్న: మీరు "విచక్షణ ఖర్చు" అని రాశారు. అంటే మంత్రిగారు తనకి నచ్చినవాళ్లకి ఇచ్చుకునే డబ్బా? దాన్ని మేమెందుకు సర్దాలి?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: తప్పు నాదేనమ్మా, సరిగ్గా చెప్పకుండా ఆ మాట వాడేశాను. మంత్రులకీ, అధికారులకీ చేతిమీదుగా ఇవ్వడానికి కొంత నిధి ఉంటుంది, దాన్నీ విచక్షణ నిధి అనే అంటారు, అది వేరు, చాలా చిన్నది. నేను చెప్పింది చట్టసభ ఏటేటా కూర్చుని "ఈసారి దీనికి ఇంత" అని ఆమోదిస్తే తప్ప ఖజానా గడప దాటని డబ్బు గురించి. దానికి అవతలి వైపున ఉండేది తప్పనిసరి ఖర్చు. ఫలానా వయసు దాటినవాళ్లకి పెన్షన్ అని చట్టంలో రాసేసి ఉంటే, ఎంతమంది ఆ వయసు దాటితే అంతమందికీ ఇవ్వాల్సిందే, ఆ ఏడు కొత్తగా ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. అప్పుల మీద వడ్డీ అయితే ఇంకా మొండిది.

ఈ గీత అందరికంటే స్పష్టంగా గీసి చూపించేది అమెరికా. 2024 ఆర్థిక సంవత్సరంలో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన ఖర్చు సుమారు 6.8 లక్షల కోట్ల డాలర్లు. అందులో విచక్షణ ఖర్చు 1.8 లక్షల కోట్లు, అంటే నాలుగో వంతుకి కాస్త పైన. ఆ ముక్కలో మళ్లీ సగానికి కొంచెం తక్కువ రక్షణకి పోతుంది. పరిశోధన, పార్కులు, కోర్టులు, బడులకి ఇచ్చే సాయం, విదేశాంగం, ఇవన్నీ కలిసి కొట్టుకునేది మొత్తం ఖర్చులో ఏడో వంతు కోసం. ఇక వడ్డీ ఒక్కటే దాదాపు 88 వేల కోట్ల డాలర్లు, ఆ ఏడాది రక్షణ ఖర్చుని కూడా దాటేసింది. టీవీల్లో అరుచుకునేదంతా ఆ ఏడో వంతు గురించే అని తెలిశాక నాకైతే చర్చలు చూడబుద్ధి కావడం లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. పేరుకి విచక్షణే గానీ, అందులోనూ జీతాలుంటాయి, సంతకం పెట్టేసిన కాంట్రాక్టులుంటాయి. రేపటి నుంచి ఆపేస్తాం అంటే కుదరదు. నిజంగా కదిలేది అంచులే.

ప్రశ్న: నేను యాభై నాణేలు చదువుకి, యాభై ఆరోగ్యానికి వేశాను. మిగతా అన్నిట్లో సున్నా. మా ఆయన చూసి నవ్వుతున్నారు. ఇందులో తప్పేముంది?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: తప్పేం లేదు మేడమ్, మీ మనసు ఎటుందో అందులో కనిపిస్తోంది. కానీ మీ లెక్క అమలు చేస్తే రేపు పొద్దున్నే కోర్టులు మూతపడతాయి, ఆసుపత్రికి నాసిరకం మందులు అంటగట్టిన కంపెనీ మీద కేసు వెయ్యడానికి చోటుండదు, ఉన్న వంతెనకి పగులు వచ్చిందో లేదో చూసే ఇంజనీరుకి జీతముండదు. ఏ గడిలోనైనా మొదటి నాణేనికి ఉండే విలువ యాభయ్యో నాణేనికి ఉండదు. దాహంతో ఉన్నవాడికి మొదటి గ్లాసు నీళ్లు, ఆరో గ్లాసు నీళ్లు ఒకటి కానట్టే. అందుకే "చదువు ముఖ్యమా, రక్షణ ముఖ్యమా" అని అడిగితే జవాబు రాదు, పోట్లాట వస్తుంది. ఇప్పుడున్న పంపకం మీద ఒక్క నాణెం చేతికి అదనంగా వస్తే ఎక్కడ వేస్తారు, ఒక్క నాణెం వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఎక్కడినుంచి తీస్తారు, బడ్జెట్ మనిషిని అడిగేది ఈ రెండే.

మీలాగే అన్నీ ఒకే గడిలో పోసేవాళ్ల కోసం ఒక తమాషా పద్ధతి ఉంది. 2019లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర దిగువ సభలో డెమోక్రాట్ సభ్యులు, డబ్బు కావాలనే బిల్లులు బోలెడు ఉండి డబ్బు మాత్రం కొంచెమే ఉంటే, ఏవి ముందు తీసుకోవాలో తేల్చుకోలేక దీన్ని వాడారు. ఒక్కొక్కరికీ వంద టోకెన్లు ఇచ్చారు. ఒక బిల్లుకి ఒక ఓటు వెయ్యాలంటే ఒక టోకెన్, రెండు ఓట్లు వెయ్యాలంటే నాలుగు, మూడైతే తొమ్మిది. అంటే వందా ఒకేచోట పోసినా పది ఓట్లే పడతాయి, అదే వందతో ఒక్కో ఓటు చొప్పున వంద బిల్లులని తట్టి రావచ్చు. ఎవరికి దేనిమీద ఎంత పట్టుదలో బయటపడుతుంది, ఆ పట్టుదలకి వాళ్లే ధర కడతారు కూడా. మీ ఆయనతో ఓసారి ఈ లెక్కన ఆడి చూడండి, అప్పుడెవరు నవ్వుతారో చూద్దాం.

మీరే కాదు, ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది విదేశీ సాయానికి సున్నా పెట్టి "ముందు మన ఇల్లు" అని పక్కన రాశారు. అభిప్రాయం మీది, కాదనను. కానీ సున్నా చేస్తే ఎంత మిగులుతుందో తెలుసుకుని అనడం వేరు. ఆరోగ్య విధానాల మీద సర్వేలు చేసే కె.ఎఫ్.ఎఫ్. అనే సంస్థ అమెరికన్లని "బడ్జెట్‌లో విదేశీ సాయం ఎంత ఉంటుందనుకుంటున్నారు" అని చాలా ఏళ్లు అడుగుతూ వచ్చింది, సగటు జవాబు నాలుగో వంతు దగ్గర ఉండేది. అసలు అంకె అప్పట్లో ఒక శాతం చుట్టుపక్కల. లేని కుండలోంచి నీళ్లు ముంచి పంచినట్టుంటుంది ఈ లెక్క.

ప్రశ్న: నాకు పది గడులూ ముఖ్యమే అనిపించాయి. గంట సేపు కూర్చుని అన్నిటికీ పదేసి వేసి లేచాను. దేన్ని ముందుంచాలో తేల్చుకోవడానికి ఒక కొలబద్ద చెప్పండి.
– రిటైరైన బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఈ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నానండీ. నేను ఒకప్పుడు "ఏది ముఖ్యం" అనే అడిగేవాణ్ని, ఇప్పుడు మానేశాను, ఎందుకంటే ముఖ్యం కానిది బడ్జెట్ దాకా రానే రాదు, ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు ఉంటారు. దానికి బదులు ఇలా అడుగుతాను: దీన్ని ఒక్క ఏడాది వాయిదా వేస్తే ఏమవుతుంది? ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

ఈ ప్రశ్నతో చూస్తే పనులు వాటంతట అవే విడిపోతాయి. కొత్త సచివాలయం, మ్యూజియానికి కొత్త విభాగం, నాలుగు వరసల రోడ్డుని ఆరు వరసలు చెయ్యడం, ఇవి ఓపిగ్గా కూర్చుంటాయి, వచ్చే ఏడు కట్టినా కాస్త ధర పెరుగుతుందేమో గానీ కొంపలేం మునగవు. కారుతున్న కప్పు అలా కూర్చోదు. ఈ ఏడు రెండు పెంకులతో పోయేది, వచ్చే ఏడు దూలం మార్చాలి, ఆపై ఏడు గోడ. గోరుతో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటారే, అదే. ప్రపంచ బ్యాంకు 1994లో వేసిన అభివృద్ధి నివేదికలో ఒక లెక్కుంది: అంతకు ముందు పదేళ్లలో ఆఫ్రికాలో రోడ్ల మరమ్మతుకి వేళకి 1,200 కోట్ల డాలర్లు పెట్టి ఉంటే, ఆ రోడ్లని మళ్లీ వెయ్యడానికి అయిన 4,500 కోట్ల డాలర్లు మిగిలేవి. అంటే వాయిదా వేసిన ప్రతి డాలరూ దాదాపు నాలుగు డాలర్ల బిల్లుతో తిరిగొచ్చింది. ఇంత వడ్డీ గుంజే అప్పులవాడు ఉంటే వాణ్ని జైల్లో పెడతాం.

వాయిదాతో పోయేది డబ్బే అయితే ఫర్వాలేదు. ఇటలీలో జెనోవా నగరం మీదుగా పోయే మొరాండి వంతెన 2018 ఆగస్టు 14న వానలో కూలి 43 మంది చనిపోయారు. 1967లో తెరిచిన వంతెన అది. కాంక్రీటు లోపల దాగిన ఉక్కు తీగలు ఏళ్ల తరబడి తుప్పు పట్టాయి, పైకి కనపడలేదు. దాని నిర్వహణ చూసింది ప్రభుత్వం కాదు, ఒక ప్రైవేటు కంపెనీ, అది నిజమే. కానీ మరమ్మతు ఎవరి చేతిలో ఉన్నా దాని ఖర్మ ఒకటే. రిబ్బను కత్తిరించడానికి అక్కడ ఏమీ ఉండదు, బోల్టు బిగించిన ఫోటో ఏ పేపరూ వెయ్యదు.

పిల్లల సంగతి ఇంకోలా ఉంటుంది. రెండో తరగతిలో చదవడం రాని పిల్లకి ఈ ఏడు టీచర్ని ఇవ్వకపోతే, వచ్చే ఏడు ఇద్దరు టీచర్లని ఇచ్చినా ఆ పిల్ల మళ్లీ రెండో తరగతి వయసుకి రాదు. టీకాలూ అంతే. మశూచి మీద 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా పని మొదలుపెట్టింది, 1977లో సోమాలియాలో చివరి సహజ కేసు కనిపించింది, 1980లో రోగం పోయిందని ప్రకటించారు. అయిన ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు, ఆ తర్వాత ఏటా మిగులుతున్నది 100 కోట్ల డాలర్లకి పైనే అని ఆ సంస్థ లెక్క. టీకాల ఖర్చే ఆగిపోయింది కదా మరి. ఏ ఖర్చుకి ఒక ముగింపు ఉందో, ఏది ఎప్పటికీ మేస్తూనే ఉంటుందో, అది కూడా చూడాలి.

అయితే ఈ కొలబద్దకి రెండు లోపాలున్నాయి, దాచను. మొదటిది, "వాయిదా వేస్తే ప్రమాదం" అన్న మాట పనిచేస్తుందని తెలియగానే ప్రతి శాఖా అదే పాట పాడుతుంది. అప్పుడు మాటలు వినకుండా రిజిస్టరు అడగాలి: మీ దగ్గర ఎన్ని వంతెనలున్నాయి, పోయిన ఏడు పరీక్షలో దేనికి ఏ గ్రేడు వచ్చింది, ఈ ఏడు ఎంతకి దిగింది? ఆ రిజిస్టరే లేదంటే మొదటి నాణెం దానికే వెయ్యాలి. రెండో లోపం పెద్దది. పరిశోధన, కళలు ఈ కొలతలో ఎప్పుడూ ఓడిపోతాయి. పదిహేనేళ్ల తర్వాత రాబోయే మందు ఈ ఏడు ఆగిపోయిందని ఎవరికి తెలుస్తుంది, ఎవరు ఏడుస్తారు? అందుకే వాటికి కొలత లేకుండానే కొంత పక్కన పెట్టేస్తాను. తర్కం కాదిది, అనుభవం.

ఇక ఎవరి నెత్తిన అన్న సంగతి. సొంత కారు, ప్రైవేటు డాక్టరు, పిల్లలకి ట్యూషను ఉన్న ఇంట్లో ప్రభుత్వ వాయిదా వినపడదు. లేనివాళ్ల ఇంట్లో అది మొదటి రోజే తలుపు తడుతుంది. మీరు పదేసి వేసి లేచారు కదా, మళ్లీ కూర్చుని ఆ రెండో ఇంట్లోంచి చూసి వెయ్యండి, అంకెలు మారకపోతే నాకు రాయండి.

ప్రశ్న: సగం కట్టి ఆపేసిన పెద్ద ప్రాజెక్టుకి మళ్లీ డబ్బు అడుగుతున్నారనుకోండి. ఇప్పటికే అంత పోశాం కదా, పూర్తి చెయ్యడమే న్యాయం కాదా?
– సివిల్ ఇంజనీరు

జవాబు: పోసింది పోయింది. దాన్ని లెక్కలోంచి కొట్టేసి, ఇక ముందు పెట్టేదెంత, దానికి వచ్చేదెంత అని మాత్రమే చూడాలి. మీరు ఇంజనీరు కాబట్టి ఈ కథ తెలిసే ఉంటుంది. బ్రిటన్, ఫ్రాన్స్ 1962లో ఒప్పందం చేసుకుని కాంకార్డ్ విమానం మొదలుపెట్టాయి, మధ్యలో తప్పుకునే షరతు ఆ ఒప్పందంలో పెట్టుకోలేదు. ఖర్చు అంచనాలకి అందకుండా పోయింది, కొనేవాళ్లు తగ్గిపోయారు, అయినా ఆపలేదు. మొత్తం 20 తయారైతే ప్రయాణికుల సర్వీసులకి వెళ్లినవి 14. 1976 నుంచి 2003 దాకా తిరిగాయి. అందమైన విమానమే, కాదనను, నేనూ ఫోటోలు చూసి మురిసిపోయినవాణ్నే. ఆర్థికశాస్త్రంలో ఈ పొరపాటుకి కాంకార్డ్ పేరే నిలిచిపోయింది.

కాకపోతే ఒకటి. సగం కట్టింది పూర్తి చెయ్యడానికి ఇక కొంచెమే కావాలి, పూర్తయితే మంచి ప్రయోజనం ఉంది అంటే నిక్షేపంగా పూర్తి చెయ్యండి. అప్పుడు కూడా కారణం ఆ ముందున్న ప్రయోజనమే.

ప్రశ్న: ఏటా అన్నీ సున్నా నుంచి మొదలుపెట్టి, ప్రతి ఖర్చునీ మళ్లీ సమర్థించుకోమంటే పోదా?
– చార్టర్డ్ అకౌంటెంట్

జవాబు: చేసి చూశారండీ. జీరో బేస్ బడ్జెటింగ్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో పీటర్ పైర్ పెట్టిన పద్ధతి, జిమ్మీ కార్టర్ జార్జియా గవర్నరుగా ఉండగా తీసుకున్నారు, అధ్యక్షుడయ్యాక 1977లో ఫెడరల్ ప్రభుత్వానికి పెట్టారు, 1981లో రీగన్ వచ్చి తీసేశారు. కాగితాలు కొండలా పేరుకున్నాయి, చివరికి వచ్చిన అంకెలు మాత్రం ముందటివాటికి దగ్గర్లోనే ఉన్నాయి. ఏటా అన్నిటికీ కాకుండా, ఏటా ఒకటో రెండో శాఖల్ని పట్టుకుని సున్నా నుంచి తోమితే పని జరుగుతుందని నాకనిపిస్తుంది.

ప్రశ్న: ఖర్చు తగ్గించమంటే చాలు, లైబ్రరీ మూసేస్తారు, పార్కు గేటుకి తాళం వేస్తారు. పెద్ద ఆఫీసుల్లో ఏసీలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. ఇదేం న్యాయం?
– లైబ్రరీకి రోజూ వెళ్లే ఓ పాఠకుడు

జవాబు: న్యాయం కాదు, ఎత్తుగడ. దీనికి అమెరికాలో పేరు కూడా ఉంది, వాషింగ్టన్ మాన్యుమెంట్ సిండ్రోమ్. 1969లో నేషనల్ పార్క్ సర్వీసుకి నిధులు తగ్గిస్తే, దాని డైరెక్టరు జార్జ్ హార్ట్‌జోగ్ వాషింగ్టన్ స్మారక స్తంభం, గ్రాండ్ కాన్యన్ లాంటి చోట్లతో సహా అన్నిటినీ వారానికి రెండు రోజులు మూసేశారు. జనం గగ్గోలు పెట్టారు, డబ్బు తిరిగొచ్చింది. ఎక్కడ కోస్తే జనం ఎక్కువ అరుస్తారో అక్కడే కొయ్యడం అన్నమాట. అలాగని ప్రతి మూసివేతా నాటకమే అనుకోకండి, కొన్నిసార్లు నిజంగానే డబ్బుండదు. తేడా తెలుసుకోవడానికి "ఇది మూస్తే ఎంత మిగిలింది, దీనికంటే ముందు ఏమేం తగ్గించారు" అని రాతపూర్వకంగా అడగండి.

దీనికి తోబుట్టువు ఇంకోటుంది, ఆర్థిక సంవత్సరం చివరి వారం. మిగిలిన డబ్బు వెనక్కి పోతుంది, పైగా వచ్చే ఏడు "మీకంత అక్కర్లేదుగా" అని కోత పెడతారు, అందుకని ఆ వారంలో కనపడిందల్లా కొంటారు. అమెరికా ఫెడరల్ కొనుగోళ్ల మీద లీబ్మన్, మహోనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో చివరి వారం ఖర్చు మిగతా వారాల సగటుకి 4.9 రెట్లు ఉందని తేలింది, ఆ వారంలో కొన్న ఐటీ ప్రాజెక్టుల నాణ్యత కూడా తక్కువే. మిగుల్చుకున్న శాఖకి అందులో కొంత వచ్చే ఏడు వాడుకోనిస్తే ఈ పరుగు తగ్గుతుంది. మీ లైబ్రరీ పుస్తకాల డబ్బు ఆ వారంలో కుర్చీలుగా మారిపోయి ఉండొచ్చు.

ప్రశ్న: మనం వంద నాణేలు పంచుకుంటే ఏం లాభం సార్, ఎవరు వింటారు? నిజంగా జనాన్ని అడిగి ఖర్చు పెట్టిన చోటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?
– ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న యువకుడు

జవాబు: ఉంది తమ్ముడూ, చాలాచోట్ల ఉంది, కాకపోతే ఎక్కడా మాయాజాలం జరగలేదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రి నగరం 1989లో మొదలుపెట్టింది. నగరాన్ని 16 ప్రాంతాలుగా చేసి, ప్రతి ప్రాంతంలోనూ సభలు పెట్టి, మీకు ముందు ఏం కావాలి అని అడిగారు. అక్కడ నాకు నచ్చింది సభలు కాదు, సభల తర్వాతి లెక్క. ఒక ప్రాంతం కోరిక ఎంత బలంగా ఉంది అన్నదొక్కటే చూడకుండా, అక్కడ జనం ఎంత, ఆ సదుపాయం ఎంత కొరతగా ఉంది అన్నవి కూడా కలిపి మార్కులు వేసేవాళ్లు. ఏడవని బిడ్డకి అమ్మైనా పాలివ్వదంటారు కదా, ఏడవడం చేతకాని బిడ్డకీ ఆ మార్కుల్లో వాటా వచ్చింది. నీళ్లు, మురుగు కనెక్షన్లున్న ఇళ్లు 1988లో 75 శాతం ఉంటే 1997 నాటికి 98 శాతమయ్యాయని ప్రపంచ బ్యాంకు రాసింది. అదంతా సభల వల్లే అనను, కానీ జనానికి వదిలేస్తే డబ్బంతా హంగులకి పోతుందన్న భయం మాత్రం తప్పని తేలింది, వాళ్లు మురుగు కాలువలే అడిగారు. ఇదీ చెప్పాలి: 2017లో ఆ నగరమే దాన్ని ఆపేసింది. ప్రభుత్వాలు మారాయి, డబ్బు తగ్గింది, సభలో ఒప్పుకున్న పనులు ఏళ్ల తరబడి మొదలవకపోతే మనుషులు మాత్రం ఎందుకొస్తారు?

కేరళ 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35-40 శాతం స్థానిక సంస్థల చేతికిచ్చి గ్రామసభల్ని అడిగింది, అంత పెద్ద వాటా ఇవ్వడం అరుదు. పారిస్ 2014 నుంచి పెట్టుబడి బడ్జెట్‌లో 5 శాతం దాకా నగరవాసుల ఓటుకి వదిలింది, పౌరసత్వంతో పని లేకుండా అక్కడ నివసించేవాళ్లు ఓటెయ్యొచ్చు. పోలండ్ 2018లో పెద్ద నగరాలన్నీ ఖర్చులో కనీసం అర శాతం ఇలా పెట్టాల్సిందేనని చట్టం చేసింది. అర శాతమేనా అని నవ్వకు, నూటికి తొంభైతొమ్మిదిన్నర మీద మాత్రం ఎవరిని అడుగుతున్నారు?

అసలు చిక్కు ఎక్కడంటే, ఓట్లు లెక్కపెట్టే తీరులో. ఎక్కువ ఓట్లొచ్చిన పనులకి వరసగా డబ్బిస్తూ పోతే, జనం ఎక్కువున్న పేటే మొత్తం పట్టుకుపోతుంది, నలభై శాతం మంది ఓటేసిన మిగతా పేటలకి సున్నా మిగలొచ్చు. పోలండ్‌లో వియెలిచ్కా అనే ఊరు 2023లో ఇంకో పద్ధతి వాడింది, అదే ఏడు స్విట్జర్లాండ్‌లో ఆరావు కూడా. ఉన్న డబ్బుని ముందు ఓటర్లందరికీ సమానంగా పంచేసినట్టు అనుకుంటారు. ఒక పనికి డబ్బు రావాలంటే, దానికి ఓటేసినవాళ్ల వాటాలు కలిపి ఆ ఖర్చు భరించగలగాలి. ఒకసారి తమ వాటా ఖర్చైపోయినవాళ్లు రెండోది లాక్కోలేరు. వాటాలు మిగిలినవాళ్ల పనికి అప్పుడు దారి దొరుకుతుంది. వినడానికి తిరకాసుగా ఉన్నా, కాగితం మీద పది మందితో వేసి చూడు, పావుగంటలో బోధపడుతుంది.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, చదువుకి ఇంత శాతం అని ప్రజల ఓటుతో చట్టంలో రాసేస్తే ఏ ప్రభుత్వం వచ్చినా ముట్టుకోలేదు కదా?
– న్యాయవాది

జవాబు: కాలిఫోర్నియా రాసేసింది లాయరుగారూ. 1988లో ప్రొపొజిషన్ 98 అని ప్రజల ఓటుతో తెచ్చారు, రాష్ట్ర సాధారణ నిధిలో దాదాపు 40 శాతం బడులకీ, కమ్యూనిటీ కాలేజీలకీ పోతుంది. బడులకి మంచిదే. కానీ ఇంకొకరు ఇంకోదానికి, మరొకరు మరోదానికి ఇలాగే తాళాలు వేస్తూ పోతే, కష్టకాలంలో కోత పెట్టడానికి తాళం లేని గడులు రెండో మూడో మిగులుతాయి, మొత్తం దెబ్బ వాటిమీదే పడుతుంది. విచక్షణ ఖర్చుని కాపాడబోయి విచక్షణనే తీసేసినట్టు. మళ్లీ మార్చాలంటే మళ్లీ ఓటింగు.

స్విట్జర్లాండ్‌లో వేరే దారి ఉంది. చాలా క్యాంటన్లలో, అంటే అక్కడి రాష్ట్రాల్లో, ఒక పరిమితి దాటిన కొత్త ఖర్చుని జనం ఆమోదానికి పెడతారు, ఆ ఒక్క ఖర్చు గురించే. అలా తప్పనిసరిగా అడిగే చోట మొత్తం ఖర్చు దాదాపు 19 శాతం తక్కువని ఫెల్డ్, మట్సుసాకా అనే ఆర్థికవేత్తలు 2003లో రాశారు. అది పొదుపో, పిసినారితనమో మీమీ పార్టీని బట్టి తేల్చుకోండి. నాకు మాత్రం ఎప్పటికీ ఊడని తాళం కంటే, ఐదేళ్లకోసారి మళ్లీ తియ్యాల్సిన తాళం నయమనిపిస్తుంది.

ప్రశ్న: నాణేల ఆటలు చాల్లేవయ్యా. తినేవాళ్లని ఆపితే పది గడులూ నిండుతాయి. అది రాసే దమ్ముందా?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: దమ్ము సంగతి సరే, లెక్క చూద్దాం. దొంగతనం ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఒక్క పైసా పోకుండా కట్టిన అనవసరపు భవనం కూడా అనవసరపు భవనమే కదా. పైగా తినేవాళ్లకి ఏ గడులు ఇష్టమో ఎప్పుడైనా గమనించారా? జీతాల గడిలో, టీకాల గడిలో మిగిలేది తక్కువ, పెద్ద పెద్ద కొత్త నిర్మాణాల్లో, ఆయుధాల కొనుగోళ్లలో మిగిలేది ఎక్కువ. కాబట్టి ఏ పని ముందుకొస్తుందో తేల్చడంలోనే సగం అవినీతి దాక్కుని ఉంటుంది. మీరు అడిగిందీ, మేం ఆడుతున్నదీ అంత దూరంగా ఏం లేవు.

ప్రశ్న: అందరికీ చెబుతున్నారు సరే, మీ వంద నాణేలు ఎక్కడ వేశారో చెప్పలేదేం?
– చాలామంది

జవాబు: తప్పించుకుందామనుకున్నాను, దొరికిపోయాను. వందా కొత్తగా పంచే అధికారం ఇచ్చినా నేను తీసుకోను. అన్ని గడుల్లో ఏముందో తెలిసిన మనిషి ఎవరూ ఉండరు. ఉన్న పంపకంలో ఐదు నాణేలు మాత్రం కదుపుతాను. కొత్త రోడ్లలోంచి రెండు తీసి పాత రోడ్లు, వంతెనల మరమ్మతుకి, గడి మారదు, గడిలోపలే. కొత్త క్యాంపస్ భవనాల్లోంచి ఒకటి తీసి మొదటి మూడు తరగతుల టీచర్లకి. ఆయుధాల కొనుగోళ్లలోంచి ఒకటి తీసి టీకాలకీ, వరదలు, తుపానుల ముందస్తు హెచ్చరికలకీ. ఐదోది, ప్రభుత్వ ప్రచారాల ప్రకటనల్లోంచి తీసింది, ఆడిట్ వాళ్లకీ, నేను పైన చెప్పిన ఆ రిజిస్టరుకీ.

వీటిలో నాలుగోదాని మీద నాకే పూర్తి నమ్మకం లేదు. సరిహద్దుల్లో పరిస్థితి ఎలా ఉందో తెలియకుండా అక్కడి నాణెం మీద చెయ్యి వెయ్యడం తేలిక, వేసింది తప్పైతే దిద్దుకోవడం కష్టం. మా ఆఫీసులో దీనిమీద రెండు రోజులు వాదన నడిచింది, ఇంకా తేలలేదు. సైన్యంలో పనిచేసినవాళ్లెవరైనా చదువుతుంటే రాయండి, వేస్తాను.

వచ్చే సంచికకి మీరూ ఐదే కదపండి. ఎక్కడ వేశారో రాస్తే సరిపోదు, ఎక్కడినుంచి తీశారో ముందు రాయాలి. అది లేని ఉత్తరాలు ఈసారి పక్కన పెట్టేస్తాం.